ఏడో తీగ లేకుండా

మామూలు గిటార్‌లో దొరకని కింది స్థాయి స్వరాలు ఏడు తీగల గిటార్‌లో ఎన్ని ఉంటాయి? అయిదే అయిదు. బి, సి, సి షార్ప్, డి, డి షార్ప్. ఏడో తీగ మీద అయిదో ఫ్రెట్ నొక్కి మీటితే వచ్చేది, ఆరు తీగల గిటార్‌లో లావుపాటి తీగను ఊరికే మీటితే వచ్చే ఇ స్వరమే. అక్కణ్నుంచి పైకి ఏడో తీగ మీద పలికేదంతా ఆరో తీగ మీద ఎలాగూ ఉంది. అయినా ఆరు తీగల గిటార్ కొనుక్కున్న కుర్రాళ్లు కోర్న్, డ్రీమ్ థియేటర్ వంటి మెటల్ బృందాల పాట నేర్చుకుందామని ట్యాబ్ (తీగకో గీత గీసి ఫ్రెట్ నంబర్లు రాసే స్వరలిపి) తెరిచి, ఆరు గీతలు ఉండాల్సిన చోట ఏడు చూసి, ఇది మనకు కాదులే అని మూసేస్తుంటారు. కొత్త గిటార్ కొనేదాకా వాయిదా వేస్తారు. అంత అవసరం లేదు. అయిదు స్వరాల లోటును పూడ్చుకునే దారులు చాలానే ఉన్నాయి. ఏ పాటకు ఏ దారి నప్పుతుందన్నదే తేల్చుకోవాలి.

ఏడో తీగ మెటల్ వాళ్ల సొంత ఆస్తి కాదు. రష్యాలో ఏడు తీగల గిటార్‌కు 19వ శతాబ్దం నుంచే పెద్ద సంప్రదాయం ఉంది. దాని శ్రుతి వేరు, బాణీ వేరు. అమెరికాలో జార్జ్ వాన్ ఎప్స్ అనే జాజ్ విద్వాంసుడు 1930ల చివర్లో ఎపిఫోన్ కంపెనీ చేత ఏడు తీగల గిటార్ చేయించుకున్నాడు. అదనపు తీగను కింది ఎ స్వరానికి బిగించి, పాట వరసనూ బేస్ వరసనూ ఒక్కడే వాయించేవాడు. ఎలక్ట్రిక్ గిటార్ల లోకంలో మాత్రం అసలు మలుపు 1990లో వచ్చింది. గిటారిస్టు స్టీవ్ వైతో కలిసి జపాన్ కంపెనీ ఐబనెజ్ 'యూనివర్స్' అనే ఏడు తీగల గిటార్‌ను మార్కెట్లో పెట్టింది. వై దాన్ని తన 'పాషన్ అండ్ వార్‌ఫేర్' ఆల్బమ్‌లో వాడాడు. 1993లో మోర్బిడ్ ఏంజెల్ బృందం 'కవెనెంట్' ఆల్బమ్‌లో, 1994లో డ్రీమ్ థియేటర్ గిటారిస్టు జాన్ పెట్రూచీ 'అవేక్' ఆల్బమ్‌లోని 'ద మిరర్', 'లై' వంటి పాటల్లో ఏడో తీగను పలికించారు.

ఇవన్నీ ఒక ఎత్తు. 1994లోనే కాలిఫోర్నియాలోని బేకర్స్‌ఫీల్డ్ నుంచి వచ్చిన కోర్న్ ఒక ఎత్తు. ఆ బృందంలో గిటారిస్టులు ఇద్దరు: మంకీగా పేరుపడ్డ జేమ్స్ షాఫర్, హెడ్‌గా పేరుపడ్డ బ్రయన్ వెల్చ్. స్టీవ్ వై గుక్కతిప్పుకోనివ్వని సోలోల కోసం చేయించుకున్న గిటార్‌ను వాళ్లు పట్టుకుని, సోలోలు పక్కన పడేసి, తీగలన్నిటినీ మరో రెండు ఫ్రెట్లు కిందికి దించారు. అంటే అట్టడుగు స్వరం బి కూడా కాదు, ఎ. సెకనుకు 55 కంపనాలు. మొదటి ఆల్బమ్‌లోని 'బ్లైండ్' వినగానే వేలమంది పిల్లలకు ఆ తీగ కావాలనిపించింది. తర్వాత లింప్ బిజ్‌కిట్, ఫియర్ ఫ్యాక్టరీ, డెఫ్టోన్స్ అదే దారి పట్టాయి. 1990ల చివరికల్లా ఐబనెజ్ మామూలు ధరల్లోనూ ఏడు తీగల గిటార్లు తేవాల్సి వచ్చింది.

మరి అంత కింది స్వరాలకు ఏడో తీగ తప్పనిసరా? కానే కాదు. ఇంగ్లండ్ బృందం కార్కాస్ 1993 నాటి 'హార్ట్‌వర్క్'ను ఆరు తీగల గిటార్లతోనే, అడుగు తీగను బి దాకా దించి వాయించింది. స్వీడన్‌కు చెందిన ఆమన్ అమార్త్ కూడా అంతే. స్లిప్‌నాట్ ఆరు తీగలతోనే, అడుగు తీగను బి కి దించే డ్రాప్ బి ట్యూనింగ్‌లో స్టేడియాలు నింపింది. ఇంకా వెనక్కి వెళితే, ఫ్యాక్టరీ ప్రమాదంలో రెండు వేళ్ల కొనలు పోగొట్టుకున్న బ్లాక్ సబ్బాత్ గిటారిస్టు టోనీ అయోమీ 1971 నాటి 'మాస్టర్ ఆఫ్ రియాలిటీ'లో తీగలను మూడు ఫ్రెట్ల మేర వదులు చేశాడు. బరువైన శబ్దానికి తీగల సంఖ్యతో పని లేదు. ఏడు తీగల గిటార్ గొప్పతనం వేరే చోట ఉంది: కింద బి పెట్టుకుని కూడా పైన సన్నటి ఇ తీగను వదులుకోనక్కర్లేదు. ఆరు తీగల వాడికి మామూలుగా ఆ వైభోగం ఉండదు. కింద అయిదు స్వరాలు దించుకుంటే పైన అయిదు పోతాయి. ఏం పోగొట్టుకోవాలో పాటను చూసి నిర్ణయించుకోవాలి.

ముందుగా ఆ పాటలో ఏడో తీగ చేస్తున్న పనేమిటో చూడాలి. మెటల్ రిఫ్‌లో (పాటలో మళ్లీ మళ్లీ వచ్చే గిటార్ వరసలో) అట్టడుగు తీగను ఎక్కువగా వేలు పెట్టకుండానే, ఓపెన్‌గా మీటుతారు. కుడి అరచేతి అంచును బ్రిడ్జ్ దగ్గర తీగ మీద ఆనించి కొడితే 'జగ్ జగ్' మని దబాయించే శబ్దం వస్తుంది. పామ్ మ్యూట్ అనేది దాన్నే. ఎడమ చేతికి ఆ సమయంలో పని ఉండదు కాబట్టి, పై తీగల మీద తర్వాతి పవర్ కార్డ్‌కు (స్వరాన్నీ దాని పంచమాన్నీ కలిపి మీటడానికి) సిద్ధమవుతుంది. అంటే ఓపెన్ తీగ స్వరాన్ని ఇవ్వడంతో పాటు చేతికి ఊపిరి కూడా ఇస్తుంది. అందుకే ఏడో తీగ మీది బి స్వరాన్ని మామూలు గిటార్‌లో అయిదో తీగ రెండో ఫ్రెట్ మీది బి తో భర్తీ చేసి, ఒక స్థాయి పైకి మార్చి వాయిస్తే స్వరం సరిగ్గానే ఉన్నా రిఫ్ చచ్చిపోతుంది. ఓపెన్ తీగ ఉన్న చోట నొక్కిన తీగ వస్తుంది, వేలు ఇరుక్కుంటుంది, వేగం తగ్గుతుంది. చాలామంది మొదట ప్రయత్నించేదీ, విసుగొచ్చి మానేసేదీ ఈ పద్ధతే. పాటలో ఆ కింది స్వరం ఎక్కడో ఒకటి రెండు చోట్ల తగిలి పోతుంటే తప్ప దీని జోలికి పోకపోవడమే మంచిది.

దానికంటే ఎంతో తేలికైన దారి ఒకటుంది. తీగల మధ్య దూరాలను చూడండి. ఏడు తీగల గిటార్ శ్రుతి అడుగు నుంచి బి, ఇ, ఎ, డి, జి, బి, ఇ. ఆరు తీగలది ఇ, ఎ, డి, జి, బి, ఇ. మొదటి దాంట్లో అడుగు నాలుగు తీగల మధ్య దూరం తలా అయిదు ఫ్రెట్లు. రెండో దాంట్లోనూ అడుగు నాలుగింటి మధ్య అదే దూరం. కాబట్టి ఏడో తీగ మీద రాసింది ఆరో తీగ మీద, ఆరో తీగది అయిదో దాని మీద, అలా ఒక్కో తీగ జరిపి అవే ఫ్రెట్లలో వాయిస్తే రిఫ్ యథాతథంగా వస్తుంది. కాకపోతే పాట మొత్తం అయిదు ఫ్రెట్లు పైకి జరుగుతుంది. మెటల్ రిఫ్‌లు చాలావరకు ఈ నాలుగు తీగల్లోనే నడుస్తాయి కనుక వేళ్ల పనిలో తేడా ఉండదు. ఆ పైకి వెళ్తే చిన్న సవరణ కావాలి: ఏడు తీగల ట్యాబ్‌లో మూడో తీగ మీద ఉన్నదాన్ని మన రెండో తీగ మీద ఒక ఫ్రెట్ పెంచి వాయించాలి. అక్కడి రెండో తీగది మన మొదటి తీగ మీద అదే ఫ్రెట్‌లో వస్తుంది. అక్కడి మొదటి తీగకు మన దగ్గర జోడీ లేదు; మన మొదటి తీగ మీదే అయిదు ఫ్రెట్లు కలుపుకోవాలి.

శ్రుతి మారితే పాట మారిపోతుందని పాశ్చాత్య సంగీతం నేర్చుకునేవాళ్లు బెంగపడతారేమో కానీ, కర్ణాటక సంగీతం విని పెరిగినవాళ్లకు ఇందులో వింతేమీ లేదు. షడ్జమం ఎక్కడైనా పెట్టుకోవచ్చు. పురుష గాయకుడికి ఒకటి, ఒకటిన్నర శ్రుతిలో సహకారం అందించిన వయొలిన్ విద్వాంసుడే గాయనికి అయిదో, అయిదున్నరో శ్రుతిలో వాయిస్తాడు. తీగల బిగువు మారుతుంది, స ప స ప అన్న అమరిక మారదు, వేళ్లకు తెలిసిన దారి మారదు. గిటార్‌లో ఒక ఫ్రెట్ అంటే వీణలో ఒక మెట్టే. రిఫ్‌ను అయిదు మెట్లు పైకి జరిపి వాయించుకోవడం ఆ లెక్కలోదే.

అయితే రికార్డుతో కలిపి వాయించాలంటే రికార్డు కూడా అయిదు మెట్లు పైకి రావాలి. దానికి ఉచితంగా దొరికే ఆడాసిటీ సాఫ్ట్‌వేర్‌లో వేగం మారకుండా శ్రుతి మార్చే సదుపాయం ఉంది. పాటను అయిదు సెమిటోన్లు (అంటే అయిదు మెట్లు) పెంచితే గాయకుడి గొంతు కొంచెం కీచుమంటుంది, డ్రమ్స్ పలచబడతాయి. వినడానికి బాగుండదు. సాధనకు మాత్రం పనికొస్తుంది, పైసా ఖర్చు లేదు, గిటార్‌ను ముట్టుకోనక్కర్లేదు. కోర్న్ పాటలకైతే లెక్క ఏడు సెమిటోన్లు, ఎందుకంటే వాళ్ల అడుగు తీగ ఎ కదా. పాట తనకు నచ్చుతుందో లేదో, తన చేతికి వస్తుందో రాదో తేలకముందే తీగలు కొని, నట్ అరగదీసి హైరానా పడేవాళ్లు ముందు ఒక వారం ఇలా వాయించి చూసుకోవడం తెలివైన పని.

స్టేజీ మీద ఈ ఉపాయం నడవదు. గాయకుడు అయిదు మెట్లు పైకెక్కి అరవలేడు. అక్కడ గిటార్ శబ్దాన్నే కిందికి దించాలి. డిజిటెక్ కంపెనీ 'డ్రాప్' అనే పెడల్ సరిగ్గా ఇందుకే ఉంది. మామూలు ట్యూనింగ్‌లో వాయిస్తుంటే అది ఒకటి నుంచి ఏడు సెమిటోన్ల దాకా, కావాలంటే ఒక పూర్తి స్థాయి కిందికి దించి వినిపిస్తుంది. అయిదు మీద పెడితే బి, ఏడు మీద పెడితే కోర్న్ వారి ఎ. అయితే యంత్రం లెక్క కట్టడానికి కొద్దిపాటి సమయం తీసుకుంటుంది. వేగంగా పామ్ మ్యూట్ చేసేవాళ్లకు చేతికీ చెవికీ మధ్య ఆ తేడా తెలుస్తుంది. పైగా చిన్న గదిలో తక్కువ శబ్దంతో వాయిస్తే తీగల అసలు ధ్వని ఒక శ్రుతిలో, స్పీకర్ ధ్వని మరో శ్రుతిలో వినిపించి తల తిరిగిపోతుంది. శబ్దం పెంచడమో, హెడ్‌ఫోన్స్ పెట్టుకోవడమో ఒక్కటే మందు. రెండు మూడు సెమిటోన్లు దించినప్పుడు సహజంగా ఉండే శబ్దం అయిదు, ఏడుకు వెళ్లేసరికి కాస్త రబ్బరులా సాగుతుంది. ఒకే కచేరీలో నాలుగు ట్యూనింగులు మార్చాల్సిన కవర్ బ్యాండ్లకు ఇది వరం. ఒకే పాటను ప్రాణం పెట్టి వాయించాలనుకునేవాడికి మాత్రం నిజమైన లావు తీగే కావాలి.

నిజమైన తీగ అనగానే చాలామంది చేసేది, ఉన్న తీగలనే వదులు చేయడం. ఇక్కడ భౌతికశాస్త్రం అడ్డుపడుతుంది. తీగ పలికే స్వరం దాని పొడవు, బిగువు, బరువు మీద ఆధారపడుతుందని పదిహేడో శతాబ్దపు ఫ్రెంచ్ పండితుడు మెర్సెన్ ఎప్పుడో సూత్రీకరించాడు. స్వరం బిగువు వర్గమూలానికి అనుపాతంలో ఉంటుంది. దాని ప్రకారం అయిదు సెమిటోన్లు దించితే తీగ బిగువు 56 శాతానికి పడిపోతుంది. గిటార్ తీగల మందాన్ని అంగుళంలో వెయ్యో వంతుల్లో చెబుతారు. మామూలు సెట్‌లో లావు తీగ 46, అంటే 0.046 అంగుళం. ఫెండర్ తరహా 25.5 అంగుళాల గిటార్ మీద ఆ తీగ ఇ స్వరానికి సుమారు 8 కిలోల బిగువుతో ఉంటుంది. దాన్ని బి కి దించితే నాలుగున్నర కిలోలే మిగులుతుంది. ఇక అది తీగలా కాదు, దండెం తాడులా ఊగుతుంది. గట్టిగా మీటితే మొదట స్వరం పైకి లేచి, తర్వాత నెమ్మదిగా తన చోటికి వస్తుంది. ఫ్రెట్లకు తగిలి గలగలమంటుంది. పాత బిగువే కావాలంటే తీగ మందం దాదాపు 1.33 రెట్లు, అంటే 60 దాటాలి. ఏడు తీగల సెట్లలో అడుగు తీగ 56, 59, 62 వంటి అంకెల్లో ఉండటానికి కారణం ఇదే.

ఈ లెక్క తెలిశాక అసలు చిట్కా తనంతట తానే బయటపడుతుంది. ఏడు తీగల సెట్ ఒకటి కొని, అందులో అన్నిటికంటే సన్నటి తీగను పక్కన పెట్టి, మిగతా ఆరూ ఆరు తీగల గిటార్‌కు కట్టడం. ఉదాహరణకు ఎర్నీ బాల్ రెగ్యులర్ స్లింకీ ఏడు తీగల సెట్‌లో 10, 13, 17, 26, 36, 46, 56 ఉంటాయి. 10ని తీసేస్తే అడుగు నుంచి 56, 46, 36, 26, 17, 13. వాటిని బి, ఇ, ఎ, డి, జి, బి కి శ్రుతి చేస్తే, ఏడు తీగల గిటార్‌లో పై తీగ ఒక్కటి లేనట్టు, మిగతాదంతా ఉన్నట్టు. ట్యాబ్ చదవడమూ తేలిక: ఏడు గీతల్లో పై గీతను చేత్తో మూసేసి, మిగతా ఆరూ చూసి వాయించడమే. ఫ్రెట్ నంబరు ఒక్కటి కూడా మార్చనక్కర్లేదు.

ఇందులో ఇంకో లాభం ఉంది, దీన్ని పెద్దగా ఎవరూ చెప్పరు. 46 తీగ ఇ కే బిగుస్తుంది, 36 ఎ కే, 17 జి కే. అంటే ప్రతి తీగా తనకు పుట్టుకతో వచ్చిన స్వరానికే ఉంటుంది, చోటు మాత్రం ఒకటి జరుగుతుంది. పోయిన 10 తీగ బిగువు స్థానంలో కొత్త 56 తీగ బిగువు వచ్చి చేరుతుంది. గిటార్ మెడ మీద మొత్తం లాగుడు ఇంచుమించు మునుపటంతే. కాబట్టి మెడ వంగదు, లోపలి ట్రస్ రాడ్‌ను పెద్దగా తిప్పాల్సిన పని పడదు, స్ప్రింగుల మీద తేలే ఫ్లాయిడ్ రోజ్ బ్రిడ్జ్ ఉన్నవాళ్లకు కూడా అది తలకిందులు కాదు. ఆరు తీగలనూ సమంగా దించి బి, ఇ, ఎ, డి, ఎఫ్ షార్ప్, బి గా పెట్టుకునే పద్ధతీ వాడుకలో ఉంది. కార్కాస్, ఆమన్ అమార్త్ పాటలకు అదే సరైనది. సొంత పాటలు కట్టుకునేవాళ్లకూ అదే సుఖం, తెలిసిన కార్డ్ ఆకారాలన్నీ అలాగే ఉంటాయి గనుక. దానికి డాడారియో 13 నుంచి 62 దాకా ఉండే బారిటోన్ సెట్ లాంటివి సరిపోతాయి. కానీ ఏడు తీగల పాటలను దింపుకోవడమే పనైతే, రెండో తీగ జి గా ఉండే మొదటి అమరికే మేలు. ఎఫ్ షార్ప్ పెట్టుకుంటే ఆ తీగ మీది ప్రతి స్వరానికీ ఒక ఫ్రెట్ కలుపుకుంటూ కూర్చోవాలి.

కష్టమంతా నట్ దగ్గర. తీగలు మెడ చివర ఆనుకునే ఆ చిన్న పట్టీలో ఒక్కో తీగకు దాని మందానికి తగ్గ గాడి ఉంటుంది. 10 కోసం కోసిన గాడిలో ఇప్పుడు 13 కూర్చోవాలి, 17 గాడిలో చుట్టు తీగ 26, 46 గాడిలో 56. బలవంతంగా నొక్కితే తీగ గాడి పైనే నిలబడి, శ్రుతి చేసేటప్పుడు కిర్రుమని జారుతూ ఆగుతూ విసిగిస్తుంది; మొదటి రెండు మూడు ఫ్రెట్లలో స్వరాలు పైకి పలుకుతాయి. సన్నటి ఆకురాయితో గాడి వెడల్పు పెంచాలి, లోతు పెంచకూడదు. లోతు పెరిగితే ఓపెన్ తీగ మొదటి ఫ్రెట్‌కు తగిలి మోగుతుంది, ఇక ఆ నట్ పనికిరాదు. మళ్లీ మామూలు తీగలకు రావాలనుకునేవాళ్లు పాత నట్‌ను తీసి భద్రంగా దాచుకుని, వేరేదాన్ని కోయించుకోవడం మంచిది. బాగా లావు తీగ కొన్ని గిటార్ల ట్యూనర్ రంధ్రంలో దూరదు కూడా. కట్టే ముందే చూసుకోవాలి. చివరగా బ్రిడ్జ్ మీద అడుగు తీగ శాడిల్‌ను వెనక్కి జరిపి, పన్నెండో ఫ్రెట్ స్వరం ఓపెన్ స్వరానికి సరిగ్గా పై స్థాయిలో పలికేలా ఇంటొనేషన్ సరిచేయాలి. ఇదంతా గిటార్ మరమ్మతు తెలిసినవాళ్లకు చిన్న పనే.

గిటార్ పొడవునూ మరవకూడదు. గిబ్సన్ లెస్ పాల్ తరహా 24.75 అంగుళాల గిటార్ మీద అదే తీగ, అదే స్వరానికి, ఫెండర్ పొడవు మీద కంటే ఆరు శాతం వదులుగా ఉంటుంది. అలాంటి గిటార్ ఉన్నవాళ్లు 56కు బదులు 59 ఎంచుకుంటే సరి. 27 అంగుళాల బారిటోన్ గిటార్ మీద పన్నెండు శాతం ఎక్కువ బిగువు వస్తుంది. ఏడు, ఎనిమిది తీగల గిటార్లను కొందరు తయారీదారులు పొడుగ్గా చేయడం అందుకే.

గిటార్‌ను ఇంత మార్చే ఓపిక లేనివాళ్లకు మధ్యేమార్గం ఒకటుంది. ఆరో తీగను మాత్రమే డి కి దించే డ్రాప్ డి ట్యూనింగ్ దాదాపు అందరికీ తెలుసు. దాంతో లోటు అయిదు స్వరాల నుంచి మూడుకు తగ్గుతుంది. ఇంకొంచెం ధైర్యం చేసి ఆరో తీగ ఒక్కదాన్నే 56తో మార్చి నేరుగా బి కి పెట్టి, మిగతా అయిదూ అలాగే ఉంచితే పై ఇ తీగ కూడా దక్కుతుంది. సోలో ఉన్న పాటలకు ఇది మహా ఆకర్షణీయంగా కనిపిస్తుంది. చిక్కల్లా పవర్ కార్డ్ దగ్గర. బి, ఎ తీగల మధ్య దూరం పది ఫ్రెట్లు కావడంతో, అడుగు తీగకు జతగా పలకాల్సిన పంచమం అయిదో తీగ మీద మూడు ఫ్రెట్లు వెనక్కి వస్తుంది. అడుగు తీగ ఓపెన్‌గా ఉంటే వెనక్కి వెళ్లడానికి చోటే లేదు. కాబట్టి అడుగు తీగ మీద ఒంటి స్వరాలు, స్థాయి జతలు మాత్రమే ఉండే రిఫ్‌లకు ఇది సరిపోతుంది. బరువైన కార్డ్‌లతో నిండిన పాటకు సరిపడదు.

కొన్ని పాటల్లో ఏడో తీగను బి కాక ఎ కి దించుతారు. డ్రాప్ ఎ అంటారు. ఒక్క వేలు అడ్డంగా పెడితే పవర్ కార్డ్ వస్తుంది. ఆరు తీగల వాడు బి, ఇ, ఎ, డి, జి, బి అమరికలో అడుగు తీగను మరో రెండు ఫ్రెట్లు దించితే చాలు, తీగ మాత్రం 59 నుంచి 62 మధ్య ఉండాలి. గిటార్‌ను మార్చకుండా సాధన చేసేవాళ్లయితే మామూలు డ్రాప్ డి లో అవే ఆకారాలు వాయించుకోవచ్చు. కోర్న్ పాటలకైతే ఆరూ రెండేసి ఫ్రెట్లు దిగాలి: ఎ, డి, జి, సి, ఎఫ్, ఎ.

పై తీగ పోయిన లోటు సోలోల్లో బయటపడుతుంది. జెఫ్ లూమిస్ వంటి మెటల్ గిటారిస్టుల పరుగులు ఏడో తీగ నుంచి ఒకటో తీగ చివర దాకా సాగుతాయి. ఇరవైనాలుగు ఫ్రెట్ల గిటార్ మీద కూడా పై అయిదు స్వరాలు ఇక దొరకవు. మిగతావాటిని మొదటి తీగ మీదే ఇంకా పైకి జరిగి పట్టుకోవచ్చు కానీ, తీగ నుంచి తీగకు దూకుతూ పలికే స్వీప్ ఆర్పెజియోలు తెగిపోతాయి. వాటిని ఉన్నదున్నట్టు వాయించాలని పంతం పట్టేకంటే, ఆ ఒక్క వాక్యాన్ని ఒక స్థాయి కిందికి మార్చుకోవడమో, మూడు తీగల స్వీప్‌ను రెండు తీగలకు కుదించుకోవడమో మేలు. రిఫ్‌ను కాపాడి సోలోను సవరించుకుంటే వినేవాళ్లు క్షమిస్తారు. సోలోను కాపాడి రిఫ్‌ను పైకెత్తితే పాట గుర్తుపట్టరు.

మనం ఉన్న వాద్యానికి తగ్గట్టు పాటను మార్చుకుంటుంటే, పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్ సరిగ్గా ఎదురు దిశలో నడిచాడు. పాశ్చాత్యుల మాండొలిన్‌లో నాలుగు జతల తీగలుంటాయి. ఆయన ఎలక్ట్రిక్ మాండొలిన్ తీసుకుని, జతలు తీసేసి ఒంటి తీగలు కట్టి, మంద్ర స్థాయి అందడానికి అయిదో తీగను చేర్చుకున్నాడు. కర్ణాటక సంగీతం కింది స్వరాలు అడిగింది, అందుకని వాద్యాన్ని మార్చాడు. తీగల సంఖ్య రాగి రేకు మీద రాసిన శాసనమేమీ కాదు.

తీగ సరిపోయాక శబ్దం మిగిలింది. అడుగు బి స్వరం సెకనుకు సుమారు 62 కంపనాలు. మెటల్ గిటారిస్టులు మెచ్చే సెలెస్టియన్ వింటేజ్ 30 స్పీకర్ పరిధిని కంపెనీ 70 నుంచి 5,000 హెర్ట్జ్‌గా చెబుతుంది. అంటే ఏడో తీగ మూలస్వరం స్పీకర్ పరిధికి కిందే ఉంది! మనం వినేది ఎక్కువగా దాని అనుస్వరాలనే; వాటి మధ్య ఉన్న దూరాన్ని బట్టి మెదడు మూలస్వరాన్ని ఊహించుకుంటుంది. ఇది తెలియక చాలామంది ఆరు తీగల గిటార్‌ను బి కి దించగానే బరువు కోసం ఆంప్‌లో బేస్ తిప్పి పెడతారు. శబ్దం బురద అవుతుంది. చేయాల్సింది దానికి విరుద్ధం: బేస్ కాస్త తగ్గించాలి, గెయిన్ కూడా తగ్గించాలి, మధ్య స్థాయిని పెంచాలి. డిస్టార్షన్ ముందు ట్యూబ్ స్క్రీమర్ లాంటి పెడల్‌ను డ్రైవ్ తక్కువగా, లెవెల్ ఎక్కువగా పెట్టి వాడటం మెటల్ వాళ్ల పాత అలవాటు. అది కింది కంపనాలను కత్తిరించి, పామ్ మ్యూట్‌కు అంచు తెస్తుంది. పాటలో నిజంగా నేలను కదిలించేది బేస్ గిటార్. కోర్న్ రికార్డుల్లో బేసిస్టు ఫీల్డీ అయిదు తీగల బేస్ ఆ పనే చేస్తుంది.

బ్యాండ్‌లో బేస్ వాయించేవాడికీ ఇదే తంటా. నాలుగు తీగల బేస్ అడుగు స్వరం ఇ. అక్కడా అదే చిట్కా పని చేస్తుంది: అయిదు తీగల సెట్ కొని, సన్నటి జి తీగను పక్కన పెట్టి, బి, ఇ, ఎ, డి గా కట్టుకోవడం. గిటారిస్టు సోలోలో పై తీగ కోసం ఎంత అల్లాడతాడో, బేస్ వాడు జి తీగ కోసం అంత అల్లాడడు. మెటల్‌లో అతనికి దాంతో పెద్దగా పని పడదు. ఇద్దరూ ఒకే రోజు తీగలు మార్చుకోకపోతే మాత్రం రిహార్సల్‌లో ఒకరు బి లోనూ ఇంకొకరు ఇ లోనూ కొట్టి గొడవ పడాల్సి వస్తుంది.

పాటను ఒక వాద్యం నుంచి మరోదానికి దింపుకోవడం అభిమానుల అవస్థ మాత్రమే అనుకుంటే పొరపాటు. స్వీడన్‌లోని ఉమియో నగరానికి చెందిన మెషుగ్గా ఎనిమిది తీగల గిటార్లకు పేరుపడ్డ బృందం. 2002లో 'నథింగ్' ఆల్బమ్‌కు ప్రత్యేకంగా ఎనిమిది తీగల గిటార్లు చేయించుకుంటే అవి సరిగా పని చేయలేదు. దాంతో ఏడు తీగల గిటార్లనే బాగా దించి, ఆల్బమ్ మొత్తం వాటి మీదే రికార్డు చేశారు. తర్వాత ఐబనెజ్ మంచి ఎనిమిది తీగల గిటార్లు తయారు చేసిచ్చాక, గిటార్ భాగాలను మళ్లీ వాయించి 2006లో అదే ఆల్బమ్‌ను తిరిగి విడుదల చేశారు. రెండూ దొరుకుతాయి. తీగ వదులైతే స్వరం ఎలా ఊగుతుందో, బిగువుగా ఉంటే అదే రిఫ్ ఎలా పదునెక్కుతుందో పక్కపక్కన పెట్టి వినొచ్చు. మొదటిదాని మొరటుదనమే బాగుందనే అభిమానులూ ఉన్నారు.